పాతాళగంగకు పట్టాదారు ఎవరు?

నేలమీద పారు నీటికి హద్దులు కనిపించును. ఏటికి గట్లు, చెరువునకు కట్ట, కాలువకు తూము ఉండును. ఆ నీటిని గూర్చి తగవు వచ్చినచో పదిమంది పెద్దలు వెళ్లి కన్నులార చూచి తీర్పు చెప్పవచ్చును. నేల అడుగున నున్న నీటి సంగతి వేరు. పూర్వులు దానిని పాతాళగంగ అని పిలిచి నమస్కరించినారే గాని, అది ఎంత యున్నదో, ఎటు నడచుచున్నదో, ఎవరి పొలము క్రిందినుండి ఎవరి బావిలోనికి వచ్చుచున్నదో విచారించినవారు తక్కువ. మోటలు, ఏతములు నడచిన కాలములో ఆ విచారణ అవసరము కూడ కాలేదు. ఎద్దులు అలసినపుడు మోట ఆగెడిది. ఆ విరామములో బావి తిరిగి ఊరెడిది. మీట నొక్కినంతనే నీరు పైకి వచ్చు కాలము వచ్చిన తరువాతనే, ఈ నీటికి యజమాని ఎవరు, దానిని తోడుటకు అనుమతి ఇయ్యవలసినది ఎవరు అను ప్రశ్న న్యాయస్థానములకు, శాసనసభలకు ఎక్కినది. నేటికిని అది పూర్తిగా తీరలేదు.

ఈ వివాదచరిత్రను తెలిసికొనుటకు కలకత్తా తూర్పు అంచున వెలసిన న్యూ టౌన్ మంచి ఆనవాలు. రాజార్‌హాట్ ప్రాంతమున వరిచేలు, చేపల చెరువులు, కూరగాయల మడులు ఉన్న పల్లపు నేలపై ఈ పట్టణము లేచినది. దీని నిర్మాణమునకై 1999లో హిడ్కో అను ప్రభుత్వ సంస్థ ఏర్పడినది. 2007 నాటి చట్టము ననుసరించి పట్టణపాలనకు ప్రత్యేకమైన అభివృద్ధి ప్రాధికార సంస్థ వచ్చినది. దీనికి దాపుననే తూర్పు కలకత్తా చిత్తడి నేలలు దాదాపు 12,500 హెక్టారుల మేర పరచుకొని యున్నవి. 2002లో వాటికి రామ్సార్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ గుర్తింపు లభించినది. చుట్టును ఇంత నీరున్నను, ఈ క్రొత్త పట్టణపు తొలి దినములలో ఇండ్లకు వచ్చిన నీరు లోతైన గొట్టపు బావులనుండి తోడినదే. నది నీటిని శుద్ధిచేసి తెచ్చు ఏర్పాటు తరువాత వచ్చినది. కన్నుల యెదుట నీరు పెట్టుకొని, కంటికి కానరాని నీటిని త్రాగుట ఈ పట్టణపు ఆరంభచరిత్ర.

పాత కలకత్తా త్రోవ ఇందుకు భిన్నము. 19వ శతాబ్ది ద్వితీయార్ధమున పల్తా వద్ద హుగ్లీ నీటిని వడకట్టి నగరమునకు పంపు ఏర్పాటు జరిగినది. 1911లో తల్లా వద్ద ఇనుప స్తంభములపై నిలిచిన పెద్ద నీటితొట్టి తయారైనది. నగరము పెరిగి, నది నీరు అందని పేటలు హెచ్చిన కొలది గొట్టపు బావులు వాడవాడలా దిగినవి. ఇక్కడి భూగర్భములో ఒక విశేషము కలదు. కలకత్తా అడుగున మందమైన బంకమట్టి పొర పరచుకొని యున్నది. దాని క్రింద ఇసుకపొరలలో నీరున్నది. పైన కురిసిన వాన ఆ బంకమట్టిని దాటి తిన్నగా క్రిందికి ఇంకుట మిక్కిలి కష్టము. ఉత్తరమున మట్టిపొర పలుచబడిన పల్లెసీమలలో ఇంకిన వాననీరే నేల అడుగున మెల్లగా దక్షిణమునకు నడచి నగరము క్రిందికి చేరుచున్నది. ఎత్తైన మేడలో కుళాయి త్రిప్పినవారికి తాము తోడుకొనుచున్నది ఎక్కడనో ఒక వరిచేనిపై కురిసిన వాన యని తెలియదు. ఈ ఒక్క సంగతిని మనస్సున నుంచుకొనినచో, భూగర్భజలము ఎవరి సొత్తు అను ప్రశ్న ఎంత చిక్కైనదో బోధపడును.

చట్టము దీనికి మొదట ఇచ్చిన సమాధానము ఇంగ్లండు నుండి వచ్చినది. లాంకషైర్ ప్రాంతములో ఒక నూలుమిల్లు యజమాని తన మిల్లునకు బావి త్రవ్వుకొని వాడుకొనుచుండెను. కొన్నియేండ్లకు ప్రక్క భూమిలో బొగ్గుగనులు త్రవ్వగా ఆ బావి ఎండిపోయినది. ఆతడు న్యాయస్థానమున కెక్కినాడు. 1843లో యాక్టన్ - బ్లండెల్ వ్యాజ్యెములో వచ్చిన తీర్పు ఆతనికి ప్రతికూలమైనది. భూమి ఎవరిదో దాని అడుగున నున్న నీరు వారిదే. తన భూమిలో తాను తోడుకొనగా పొరుగువాని బావి ఎండినను అది నేరము కాదు అని న్యాయమూర్తులు నిర్ణయించినారు. 1859లో క్రాయ్డన్ పట్టణమునకు నీరిచ్చుటకై అచటి ఆరోగ్యమండలి పెద్దబావి త్రవ్వగా, వాండిల్ నదిపై అరువది సంవత్సరములనుండి నడచుచున్న మిల్లునకు నీరు తగ్గినది. ఆ వ్యాజ్యెములో ప్రభువుల సభ కూడ పాత సూత్రమునే బలపరచినది. నేల అడుగున నీరు నడచు త్రోవ ఎవరికిని తెలియదు గనుక దానిపై హక్కులు నిర్ణయించుట సాధ్యము కాదనుట ఆ తీర్పుల సారాంశము. శాస్త్రము అప్పటికి ఎదగకపోవుటచే పుట్టిన సూత్రము, శాస్త్రము ఎదిగిన తరువాతను చట్టముగా నిలిచిపోయినది.

భారతదేశమున ఆ సూత్రము 1882 నాటి సుఖభుక్తి హక్కుల చట్టములో చోటు చేసికొన్నది. తన భూమి హద్దులలో, నిర్ణీతమైన కాలువగా పారని భూగర్భజలమును సేకరించి వాడుకొను హక్కు ప్రతి భూస్వామికిని కలదని అందులోని 7వ సెక్షను ఉదాహరణపూర్వకముగా చెప్పుచున్నది. తెలుగువారు గమనింపదగిన విషయ మొకటున్నది. ఈ చట్టము మొదట వర్తించిన ప్రదేశములు మద్రాసు రాజధాని, మధ్యపరగణాలు, కొడగు. అనగా సర్కారు జిల్లాలును, రాయలసీమయు తొలినాటినుండియే దాని పరిధిలో నున్నవి. బెంగాలు దాని పరిధిలో లేకపోయినను, ఆంగ్ల న్యాయసూత్రముల మూలమున అచటను భావము అదియే. భూమి కలవానికి నీరు కలదు. భూమి లేనివానికి చట్టరీత్యా భూగర్భజలములో భాగము లేదు. కౌలుదారునకు, కూలివానికి, చేతిపంపుమీద ఆధారపడిన గృహిణికి ఈ సూత్రములో తావే కనిపించదు.

రెండెడ్ల మోట నడచినంతకాలము ఈ అన్యాయము పైకి తేలలేదు. స్వాతంత్ర్యానంతరము పరిస్థితి మారినది. 1954లో కేంద్రప్రభుత్వము అన్వేషక గొట్టపు బావుల సంస్థను నెలకొల్పి దేశమంతట నేలను తొలిచి చూచుట ప్రారంభించినది. 1970లో ఆ సంస్థయే కేంద్ర భూగర్భజల మండలి అయినది. 1972లో భూగర్భ సర్వే శాఖలోని జలవిభాగము దానితో కలిసినది. హరిత విప్లవము వచ్చి, మేలురకపు విత్తనములకు వేళకు నీరు కావలసివచ్చినది. కాలువనీరు వంతు వచ్చినప్పుడే వచ్చును. బావినీరు రైతు కోరినప్పుడు వచ్చును. బ్యాంకులు అప్పులిచ్చినవి. విద్యుచ్ఛక్తి పల్లెలకు పాకినది. లక్షలాది రైతులు, ఎవరి ఆజ్ఞయు లేకుండ, ఎవరి ప్రణాళికయు లేకుండ, తమ సొంత సొమ్ముతో దేశపు సేద్యస్వరూపమునే మార్చివేసినారు.

ఈ వేగమును చూచి 1970లోనే కేంద్రప్రభుత్వము భూగర్భజల నియంత్రణకై ఒక నమూనా బిల్లును తయారుచేసి రాష్ట్రములకు పంపినది. నీరు రాజ్యాంగపు రెండవ జాబితాలోని 17వ అంశము. అనగా రాష్ట్రముల అధికారము. కేంద్రము సలహా చెప్పగలదే గాని శాసించలేదు. ఆ నమూనాలో చేతితో తోడుకొనువారికిని, స్వంత అవసరమునకు ఒకే బావి త్రవ్వుకొను చిన్న, సన్నకారు రైతులకును అనుమతినుండి మినహాయింపు ఉన్నది. రాష్ట్రములు పెక్కు సంవత్సరములు దానిని బీరువాలోనే ఉంచినవి. 1992, 1996, 2005 సంవత్సరములలో బిల్లు మరల మరల సవరించబడినది. ఓటున్న ప్రతి రైతునకును బావి ఉండగా, బావికి తాళము వేయు చట్టము తెచ్చుటకు ఏ మంత్రివర్గము మాత్రము ఉత్సాహపడును?

బెంగాలులో ఈ చర్చ విలక్షణమైన మలుపు తిరిగినది. 1978లో ఆరంభమైన బర్గాదారుల నమోదు కార్యక్రమముతోపాటు తక్కువ లోతు గొట్టపు బావులు వ్యాపించి, వేసవిలో పండు బోరో వరి సాగు విస్తరించినది. మన దాళ్వా వంటిదే ఈ బోరో. 1980 దశకమున ఆ రాష్ట్రపు ధాన్యోత్పత్తి పెరిగిన తీరు దేశమునంతను ఆకర్షించినది. చిన్న చిన్న కమతముల సీమ కావుటచే ప్రతి రైతునకును బావి ఉండుట సాధ్యము కాదు. పంపు ఉన్న రైతు ప్రక్క రైతులకు బిఘా చొప్పున నీరు అమ్మెడివాడు. ఆ విధముగా ఒక బావి పది కుటుంబములకు అన్నము పెట్టినది.

అదే కాలమున ఒక విపత్తు బయటపడినది. 1983లో కలకత్తా ఉష్ణమండల వైద్యపాఠశాలలో చర్మవైద్యులు డాక్టరు కె. సి. సాహా రోగుల చేతులపైని మచ్చలకు, అరచేతుల గరుకుదనమునకు కారణము బావినీటిలోని ఆర్సెనిక్ అని గుర్తించినారు. జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయమునకు చెందిన దీపాంకర్ చక్రవర్తి 1988నుండి జీవితాంతము ఊరూరు తిరిగి నీటిని పరీక్షించి లోకమునకు చాటినారు. మాల్దా, ముర్షీదాబాదు, నదియా, ఉత్తర 24 పరగణాలు మొదలగు జిల్లాలలో ఈ విషము వ్యాపించియున్నది. న్యూ టౌన్ నేల కూడ కొంత ఉత్తర 24 పరగణాలలోనిదే. కలరానుండి రక్షణకై చెరువునీరు మాని గొట్టపు బావినీరు త్రాగుడని చెప్పగా విన్న జనులే ఈ రోగమునకు గురియగుట చరిత్రలోని క్రూరపరిహాసము. తెలుగుసీమ ఎరుగని కథ కాదిది. పొదిలి, దర్శి ప్రాంతములు నెల్లూరు జిల్లాలో ఉన్న రోజులలో, 1937లోనే, బావినీటిలోని ఫ్లోరైడు వలన ఎముకలు వంగిపోవు వ్యాధి అచట గుర్తింపబడినది. నల్లగొండ పల్లెలు ఆ బాధను తరతరములు మోసినవి.

ఆర్సెనిక్ నీటిలోనికి ఎట్లు వచ్చినది అను శాస్త్రచర్చ చట్టపు త్రోవను కూడ ప్రభావితము చేసినది. బోరో పంటకై నీరు తోడుటచే నీటిమట్టము దిగి, గాలి సోకిన ఖనిజములు కరిగి విషము వెలువడుచున్నదని తొలుత కొందరు శాస్త్రజ్ఞులు వాదించినారు. ఆ వాదము ప్రకారము అపరాధి పంపు. 1998లో ఇంకొక శాస్త్రజ్ఞుల బృందము దీనికి విరుద్ధమైన సిద్ధాంతమును ముందుంచినది: గాలి సోకని పొరలలో, కుళ్లిన సేంద్రియపదార్థముల సన్నిధిని ఇనుపధాతువు కరుగుచు ఆర్సెనిక్‌ను విడుచుచున్నది. ఈ రెండవ సిద్ధాంతమే తరువాత హెచ్చు ఆమోదము పొందినది. విషము ప్రకృతిసిద్ధము, రైతు దానిని పుట్టించలేదు. అయినను నీటిమట్టము తగ్గుట, విషము ప్రబలుట అను రెండు భయములు ప్రజల మనస్సులలో ఒకటిగా ముడిపడినవి.

ఈ భయముల నడుమ 1993 ప్రాంతమునుండి, గొట్టపు బావికి విద్యుత్తు కావలెనన్న రైతు ముందుగా రాష్ట్ర జలపరిశోధన శాఖ అనుమతి తెచ్చుకొనవలెనను పద్ధతి వచ్చినది. 2005లో పశ్చిమ బెంగాల్ భూగర్భజల వనరుల చట్టము దానికి పూర్తి శాసనరూపము నిచ్చినది. రాష్ట్రమునకు ఒకటి, జిల్లాకు ఒకటి, నగరపాలక సంస్థకు ఒకటి చొప్పున అధికారమండలులు ఏర్పడినవి. క్రొత్తబావికి అనుమతిపత్రము, పాతబావికి నమోదుపత్రము అవసరమైనవి.

చట్టపు ఉద్దేశము మంచిదే. ఆచరణలో అది ఎవరిని తాకినదో చూడవలెను. బెంగాలు నేల అధికభాగము నదులు తెచ్చిన ఒండ్రుమట్టి. వర్షపాతము సమృద్ధి. వేసవిలో దిగిన నీటిమట్టము వానకాలము ముగియునప్పటికి చాలచోట్ల తిరిగి పైకి వచ్చును. అట్టి చోట సైతము, ఎకరము పొలము గల రైతు అనుమతికై కార్యాలయముల చుట్టు తిరుగవలసివచ్చినది. అనుమతి దొరకినను స్తంభములకు, తీగలకు అయ్యెడి ఖర్చంతయు ఆతడే భరింపవలెను. కనుక అత్యధికులు డీజిల్ ఇంజనులతోనే కాలము గడపినారు. డీజిల్ ధర పెరిగిన కొలది బోరో సాగు బరువైనది. చిన్ననీటి పారుదల గణనలలో 2000-01కిని 2006-07కిని మధ్య ఆ రాష్ట్రములో గొట్టపు బావుల సంఖ్య తగ్గినట్లు తేలినది. నీరు అడుగంటిన రాష్ట్రములలో బావులు పెరుగుచుండగా, నీరు నిండుగా నున్న రాష్ట్రమున అవి తగ్గుట ఆశ్చర్యము.

ఈ వైపరీత్యమును అదితి ముఖర్జీ మొదలగు పరిశోధకులు అంకెలతో వెలికితీసి చర్చకు పెట్టినారు. భూగర్భజలమును కాపాడుట పేర పేదరైతునకు నీరు అందకుండ చేయుచున్నారని ఒక పక్షము వాదించినది. నేడు నీరున్నదని తలుపులు తెరచినచో రేపు పంజాబు గతి పట్టును, ఆర్సెనిక్ సీమలో సాహసము తగదు అని ఇంకొక పక్షము హెచ్చరించినది. రెండును త్రోసిపుచ్చదగిన వాదములు కావు. 2011 నవంబరులో ప్రభుత్వము మధ్యేమార్గమును ఎన్నుకొన్నది. భూగర్భజలము సురక్షితమని నిర్ణయించిన బ్లాకులలో, 5 అశ్వశక్తులకు లోబడిన పంపు, గంటకు 30 ఘనపు మీటర్లకు లోబడిన నీరు గల గొట్టపు బావికి అనుమతి అక్కరలేదని సవరించినది. ఇంచుమించు ఆ కాలముననే విద్యుత్ సంస్థ కనెక్షనుకు నిర్ణీతమైన మొత్తము చెల్లించిన చాలునన్నది. మీటరు మాత్రము ఉన్నది. వాడిన కరెంటుకు రైతు వెల యిచ్చును. చట్టపు కత్తి సన్నకారు రైతు మెడమీదనుండి తొలగి, పెద్ద వాడకందారుల మీదను, ప్రమాదపు బ్లాకుల మీదను నిలిచినది.

ఇదే కాలమున ఆంధ్రదేశపు కథ వేరొక త్రోవన నడచినది. కృష్ణా గోదావరి డెల్టాలను విడిచినచో, తెలంగాణ, రాయలసీమలలో అధికభాగము రాతినేల. అచట నీరు బండల పగుళ్లలోను, పైనున్న మెత్తని రాతిపొరలోను మాత్రమే నిలుచును. అది బెంగాలు ఇసుకపొరవలె అఖండమైన తొట్టి కాదు. ఇంటింటికి వేరుగానున్న కుండల వంటిది. ఒక కుండ ఎండినచో ప్రక్కదానిని వెదకుచు రైతు బోరుమీద బోరు వేయును. 1983లో వ్యవసాయపు విద్యుత్తునకు అశ్వశక్తికి సాలీనా 50 రూపాయల పద్ధతి రాగా, 2004 మే 14న అది పూర్తిగా ఉచితమైనది. రాష్ట్ర విభజనానంతరము తెలంగాణలో 2018 జనవరి 1నుండి రోజంతయు ఉచిత విద్యుత్తు ఇయ్యబడినది. రైతుల కష్టమును చూచి తీసికొన్న నిర్ణయములే యివి. తోడుటకు మాత్రము వెల అను కళ్లెము లేకపోయినది.

శాసనములకు కొదువ లేదు. త్రాగునీటి రక్షణకై 1996లో ఒక చట్టము వచ్చినది. 2002లో నీరు, భూమి, చెట్ల చట్టము దాని స్థానమున వచ్చి, 'వాల్టా' అను పేర తెలుగువారందరికి పరిచితమైనది. బావుల నమోదు, బోరు రిగ్గుల నమోదు, ప్రజల త్రాగునీటి బావికి 250 మీటర్ల లోపల క్రొత్త బోరు వేయరాదను నిబంధన, అతిగా తోడిన గ్రామములలో నిషేధము అన్నియు అందులో కలవు. చదువుటకు కట్టుదిట్టమైన చట్టమది. లక్షలాది బోర్లను మండలములోని కొద్దిమంది ఉద్యోగులు కనిపెట్టుట ఎట్లు సాధ్యము? రాత్రికి రాత్రి రిగ్గు వచ్చి బోరు వేసిపోవును; తెల్లవారిన తరువాత దానిని పూడ్పించుటకు ఎవరికిని మనసొప్పదు. ఒక చేతితో ఉచితవిద్యుత్తు, రెండవ చేతితో నిషేధాజ్ఞ చూపినపుడు రైతు మొదటి చేతినే పట్టుకొనుట సహజము.

ఇట్టి చోటనే వేరొక ప్రయత్నము జరిగినది. 2003నుండి కొన్ని సంవత్సరములు అనంతపురము, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశము, మహబూబునగరు, నల్లగొండ జిల్లాలలో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, రైతులే వర్షమాపకములను చదివి, బావులలో నీటిమట్టమును కొలిచి, పల్లెలలో గోడలపై వ్రాసికొనుట నేర్చుకొన్నారు. రబీకి ముందు ఊరంతయు కూర్చుండి, నేల అడుగున నున్న నీరెంత, వేయదలచిన పంటలకు కావలసినదెంత అని జమాఖర్చు వేసికొన్నది. ఎవరికిని అనుమతిపత్రము లేదు, జుల్మానా లేదు. లెక్క కన్నుల యెదుట ఉండుటచే కొందరు వరి మాని ఆరుతడి పంటలకు మరలినారు. ఈ పద్ధతి అన్నిచోట్ల నిలువలేదు. కాని కనిపించని నీటిని కనిపింపజేయవచ్చునని అది ఋజువు చేసినది.

ఈలోగా న్యాయస్థానములు పాత ఆంగ్లసూత్రమును ప్రశ్నింప మొదలిడినవి. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశము ననుసరించి, పర్యావరణ పరిరక్షణ చట్టము క్రింద 1997 జనవరి 14న కేంద్ర భూగర్భజల ప్రాధికార సంస్థ ఏర్పడినది. పాలక్కాడు జిల్లా ప్లాచిమడలోని కోకా-కోలా కర్మాగారము విషయమున, భూగర్భజలము ప్రజలందరిదనియు, ప్రభుత్వము దానికి ధర్మకర్త మాత్రమే ననియు కేరళ హైకోర్టు 2003 డిసెంబరులో ఒక న్యాయమూర్తి ద్వారా తీర్పు చెప్పినది. 2005 ఏప్రిలులో అదే హైకోర్టు ద్విసభ్య ధర్మాసనము ఆ మాటను అంగీకరింపక, భూస్వామికి తగుమాత్రము తోడుకొను హక్కు కలదన్నది. కర్మాగారము మరల తెరవబడలేదు. 2017లో సుప్రీంకోర్టులో ఆ వ్యవహారము ముగిసినది. సూత్రము మాత్రము తేలలేదు. 2017లోనే కేంద్రము సిద్ధపరచిన క్రొత్త నమూనా బిల్లు ధర్మకర్తృత్వ సిద్ధాంతమును స్వీకరించినది గాని, అది సలహాగానే ఉండిపోయినది.

2020 సెప్టెంబరు 24న కేంద్రము వెలువరించిన మార్గదర్శక సూత్రములు పరిశ్రమలకు, గనులకు, పెద్ద గృహసముదాయములకు అనుమతిని విధించి, వ్యవసాయమును మినహాయించినవి. విమర్శకులు ఇక్కడనే పట్టుకొనుచున్నారు. 2023 నాటి అంచనా ప్రకారము దేశము సాలీనా తోడుకొను భూగర్భజలము 241 వందకోట్ల ఘనపు మీటర్లకు పైగా. అందులో దాదాపు 87 పాళ్లు సేద్యమునకే. నూటికి 87 పాళ్లను విడిచి, మిగిలిన 13 పాళ్లకు కాపలా కాయుట నియంత్రణ ఎట్లగును అని వారి ప్రశ్న. దానికి సమాధానము లేకపోలేదు. కోట్లాది బావుల యొద్ద కోట్లాది కాపలాదారులను నిలుపలేము. సేద్యపు వాడకమును మార్చునవి విద్యుత్తు వెల, ధాన్యసేకరణ, పంటల ఎంపిక. పంజాబు 2009లో బావిని ముట్టక, నిర్ణీత తేదీకి ముందు వరినాట్లు వేయరాదని మాత్రము చట్టము చేసినది. బావి కనిపించని చోట జరుగును. నాట్లు అందరి యెదుట జరుగును. ఆ భేదమును గ్రహించుటయే పరిపాలనలోని నేర్పు.

ఈ వెలుగులో న్యూ టౌన్‌ను మరల చూచినచో బాధ్యతల క్రమము స్పష్టమగును. ఉత్తరపు పల్లెలోని రైతు తోడిన నీరు కొంత తిరిగి ఆతని మడిలోనే ఇంకును. బంకమట్టిపై నిలిచిన మేడలో తోడిన నీరు మురుగుకాలువలోనికి పోవును; అడుగుపొరకు తిరిగి చేరదు. కప్పుమీది వాననీటిని పట్టి తొట్టిలో నింపుట ఉపయోగమే. ఇంకుడుగుంట త్రవ్వినంత మాత్రమున లోతైన పొర నిండునని తలంచుట పొరపాటు. కావున నది నీరు అందిన చోట గొట్టపు బావిని విశ్రమింపజేయుట, తప్పనిసరియైన చోట మీటరు పెట్టి లెక్క ప్రకటించుట, చిత్తడి నేలలను పూడ్చకుండుట పట్టణవాసుల వంతు. నియంత్రణ విస్తరింపవలెనని కోరు చదువుకొన్న నగరవాసులు, అది మొదట తమ సముదాయపు పంపుగదిలో ఆరంభము కావలెనని అంగీకరించుట న్యాయము.

నూట ఎనుబది సంవత్సరముల క్రిందట న్యాయమూర్తులు నేల అడుగు నీటి త్రోవ తెలియదన్నారు. నేడు తెలియును. తెలిసిన పిమ్మట పాత అజ్ఞానమును హక్కుగా చాటుకొనుట తగదు. బెంగాలు ఇసుకకు సరిపోవు శాసనము రాయలసీమ బండకు సరిపోదు. సన్నకారు రైతునకు వేసిన కొలత కర్మాగారమునకు, గృహసముదాయమునకు వేయరాదు. ముందు కొలుచుట, కొలిచినదానిని పదిమందికి చూపుట, పెద్దవాడకమును మొదట అదుపుచేయుట అను మూడు మెట్లును ఎక్కిన తరువాతనే నిషేధాజ్ఞకు విలువ వచ్చును. మన ఊళ్లలో చెరువునీటిని పంచు నీరుగంటి మొదట కట్టమీద నడచి మట్టము చూచి, తరువాతనే తూము ఎత్తెడివాడు. పాతాళగంగకు కావలసినది పట్టాదారు కంటె అట్టి నీరుగంటి.